ఆశన్న తల ఊపితే

కోటగిరి నుంచి బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయే బాట పక్కన, కాలువ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో ఆశన్న పెద్దమనిషి. పెద్దమనిషి అంటే ముసలివాడని కాదు, అప్పటికి ఆయనకు యాభై నిండలేదు. ఆస్తిపరుడని అంతకన్నా కాదు. ఊళ్లో ఏ తగవు పుట్టినా ఆశన్న తల ఊపితే అది తెగిపోయినట్టే. అదీ ఆయన పెద్దరికం. ఆ తల ఎందుకు ఊగేదో తెలిశాక ఆ ఊరిని తిట్టుకుంటారో, మీ ఊరి పెద్దమనుషుల్ని ఓసారి తేరిపార చూసుకుంటారో మీ ఇష్టం.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. పెద్దమనిషి దగ్గరికి వట్టి చేతులతో పోకూడదు. చెరుకు ఊరు కనుక ఒక మంచి గడ నరికి తీసుకుపోవాలి. గడ ఆయన చేతికిచ్చి ఎదురుగా కూర్చోవాలి. ఆయన పన్ను గడ మీద పడేదాకా నోరు విప్పకూడదు. పన్ను పడిందంటే "ఇగ చెప్పు, ఇంటున్న" అని అర్థం. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడెవడో గానీ వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎందుకంటే, చెరుకు నమిలేవాడికి చెవులు పనిచెయ్యవు. కావాలంటే నమిలి చూడండి. తల లోపల గానుగ ఆడుతున్నట్టు కరకర తప్ప బయటి మాట ఒక్కటీ వినబడదు. అందులోనూ ఆశన్న నమలడం మామూలు నమలడం కాదు. కొడవలి ముట్టేవాడు కాదు. గడ కొసను పక్కపండ్ల మధ్య పెట్టి బిగించేవాడు. గడను చేత్తో కిందికి, తలను పైకి, రెండింటినీ ఒక్కసారి గుంజేవాడు. తొక్క కణుపు నుంచి కణుపు దాకా పట్టీలా లేచివచ్చేది. మెడ మీద నరాలు తాళ్లలా తేలేవి. తర్వాత తెల్లటి ముక్క విరిచి దవడన పెట్టేవాడు. నోరు తెరిచినప్పుడల్లా తల కొంచెం వెనక్కి పోయేది, పండ్లు మూసినప్పుడల్లా ముందుకు వచ్చేది. అన్నం తినేటప్పుడు ఎవరికైనా అంతే గానీ అది కంటికి ఆనదు. ఆశన్న చెరుకు నమిలితే మాత్రం ఆ ఊపు వాడ మొదట్లో నిలబడ్డవాడికి కూడా కనబడేది.

ఎదురుగా కూర్చున్నవాడికి ఏమనిపిస్తుంది? "నేను చెప్పే ప్రతి మాటకూ ఆశన్న ఔనంటున్నడు" అనిపిస్తుంది. వాడు సంబరంగా లేచిపోయేవాడు. పొద్దు తిరిగాక రెండోవాడు ఇంకో గడతో వచ్చేవాడు, వాడికీ అదే సంబరం. కోర్టుకు పోయినవాళ్లు ఇల్లు గుల్ల చేసుకున్నారు గానీ, ఆశన్న దగ్గరికి పోయినవాళ్లు రెండు పక్కలా గెలిచి ఇంటికొచ్చారు. పాము చావలేదు, కర్ర విరగలేదు. గెట్టు తగాదా పెట్టుకున్నవాళ్లు ఇద్దరూ ఎవరికి వారు గెలిచామనుకుని, ఎదుటివాణ్ణి చూసి జాలిపడి ఊరుకునేవారు. ఇంత ధర్మాత్ముడు చుట్టుపక్కల లేడని పేరు పుట్టింది.

మొదట్లో ఆశన్నకు ఈ సంగతి తెలియదు. తెలిశాక చెడగొట్టబుద్ధి కాలేదు. పెళ్లిళ్లలో ముందువరస పీట ఆయనదే, ఏ ఇంట్లో పండగైనా మొదటి విస్తరి ఆయనదే. తీపికి తీపి, పేరుకు పేరు. ఏ మనిషి వదులుకుంటాడు చెప్పండి?

ఆయన భార్య రుక్మాబాయికి మాత్రం మొదటినుంచీ తెలుసు. అన్నం దగ్గర ఏది అడిగినా "ఊఁ" అనని మనిషి, చెరుకు దగ్గర అడిగితే తల ఊపుతాడు. అందుకే వెండి కడియాలు, కొత్త చీర, తమ్ముడి పెండ్లికి పోవడం అన్నీ చెరుకు పూటే అడిగేది. తర్వాత ఆయన గొణిగితే "నువ్వే గద ఒప్పుకున్నవు, మా అమ్మ గూడ సూసింది" అనేది. ఇంటావిడ కనిపెట్టినదాన్ని ఊరు కనిపెట్టలేకపోయింది.

ఇలా నడుస్తుండగా పంతొమ్మిది వందల అరవై ఆరు ప్రాంతంలో రేణుకమ్మ తగవు వచ్చింది.

రేణుకమ్మ ఆశన్నకు మరదలు, తమ్ముడు లింబయ్య భార్య. లింబయ్య జ్వరమొచ్చి పోయాడు. ఆమె ఒక్కతే ఎకరన్నర చెరుకు వేసుకుని బతుకుతోంది. కాలువ తూము నుంచి ఆమె పొలానికి నీళ్లు రావాలంటే రాజారాం పొలం అంచున ఉన్న పిల్లకాలువ లోంచే రావాలి. రాజారాం ఊళ్లో కలిగినవాడు. ఆ ఏడు తన పొలం చదును చేయించుకుంటూ పిల్లకాలువను కూడా దున్నించేసి, మొదట్లో అడ్డంగా కట్ట వేశాడు. అడిగితే "అది నా భూమి, నా పట్టా" అన్నాడు. ఎండలు ముదురుతున్నాయి. రేణుకమ్మ కొత్తగా నాటిన చెరుకు మోకాలెత్తు కూడా లేవలేదు, అప్పుడే ఆకుల కొసలు కాలుతున్నాయి. నీళ్లు రాకపోతే తోట మొత్తం పోయినట్టే, ఆమెకు ఇంకో ఆధారం లేదు.

ఆమె గడ తీసుకుని బావ దగ్గరికి వచ్చింది. బావ తల ఊపాడు. రాజారాం రెండు గడలు తీసుకుని వచ్చాడు. ఆశన్న తల ఇంకా బాగా ఊగింది. రేణుకమ్మ మళ్లీ వచ్చింది, మళ్లీ ఊగింది. ఇన్నాళ్లూ తగవులన్నీ ఇలాగే చల్లారాయి గానీ, చెరుకు మొక్కకు గెలిచానన్న సంబరం చాలదు, నీళ్లు కావాలి. ఎండిపోతున్న తోటను చూసి ఆమె ఊరుకోలేదు. ఇద్దర్నీ ఒకేసారి చావడి దగ్గర కూర్చోబెట్టి తెగ్గొట్టాలని పట్టుబట్టింది.

ఆశన్న చిక్కులో పడ్డాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే తల ఎవరికి ఊపాలి? మింగలేక, కక్కలేక చావడికి పోయి కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది. ఎడమపక్క రాజారాం, కుడిపక్క రేణుకమ్మ. రాజారాం తన తోటలోంచి తెచ్చిన గడ చేతికిచ్చాడు. రోకలంత లావు, ముదిరి ఎర్రబారిన గడ. ఫ్యాక్టరీ మరలకు కూడా చెమట పట్టించే రకం.

"కొర్కు ఆశన్నా, మాట మొదలువెడ్త" అన్నాడు రాజారాం.

ఆశన్న లోలోపల ఒక ఉపాయం పన్నాడు. ఈ తొక్క గుంజడంలోనే పొద్దు గడిపేస్తే నమిలే పని ఉండదు, తల ఊపే పనీ ఉండదు. కొసను పక్కపండ్ల కింద పెట్టి బలమంతా పట్టి బిగించాడు. చెయ్యి కిందికి, తల పైకి. తొక్క రాలేదు. తలను ఎడమకు మెలితిప్పి ఇంకో గుంజు గుంజాడు.

మెడలో టక్కుమంది. చావడి చివర కూర్చున్నవాళ్లకు కూడా వినబడింది.

గడ కింద పడింది. ఆశన్న ముఖం ఎడమకు తిరిగి అక్కడే ఆగిపోయింది. ఇటు రాదు, అటు పోదు. నోరు సగం తెరిచి ఉంది, మూతబడదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

రాజారాం ఎగిరి లేచాడు. "సూసిండ్రా! ఆశన్న నా దిక్కే తిరిగిండు. ఇగ అయిపోయింది, ఇండ్లకు నడువుండ్రి."

"ఏంది అయిపోయేది?" అని రేణుకమ్మ కూడా లేచింది. "మొఖం నీ దిక్కుంటే చెవు నా దిక్కున్నది. ఆయన ఇన్నది నా మాటనే."

ఊరు రెండుగా చీలింది. ముఖం ఎక్కువా, చెవి ఎక్కువా అని పెద్ద వాదన నడిచింది. మధ్యలో ఆశన్న "ఆఁ... ఆఁ..." అంటూనే ఉన్నాడు. ఆ "ఆఁ" కూడా తమకే అని రెండు పక్షాలూ అన్నాయి. ఆ మనిషికి ప్రాణం మీదికి వచ్చిందని కనిపెట్టింది రుక్మాబాయి ఒక్కతే. ఆడవాళ్లలోంచి లేచి వచ్చి, "మీ కాల్వ మన్నువడ! ఆయనకు మెడ వట్టింది, కండ్లు గనవడ్తలేవా?" అని అరిచాక గానీ వాదన ఆగలేదు.

మెడ పట్టితే ఏం చేస్తారు? ఎదురుకాళ్లతో పుట్టినవాడితో తన్నిస్తారు. ఆ ఊళ్లో అలా పుట్టినవాడు చిన్నయ్య. నడుములు పట్టినవాళ్లను కాలితో మెల్లగా తాకి నయం చేస్తాడని పేరు. అయితే ఇన్నాళ్లూ వాడు తన్నినవన్నీ కూలినాలి వాళ్ల నడుములు. ఊరి పెద్దమనిషి మెడ దొరకడం అదే మొదలు. పైగా ఎప్పుడో వాడి గేదె తగవులో కూడా ఆశన్న రెండు పక్కలకూ తల ఊపాడు. ఆ సంగతి మనసులో ఉందో లేదో వాడికే తెలియాలి. కాలు మాత్రం కొంచెం గట్టిగానే పడింది. అంతదాకా ఎడమకు తిరిగిన ముఖం, ఆ దెబ్బకు ఎడమకూ పైకీ తిరిగింది.

చెరుకు దింపి వస్తున్న ఖాళీ బండి ఎక్కించి బోధన్ తీసుకుపోయారు, అక్కణ్ణుంచి బస్సులో నిజామాబాద్ దవాఖానకు. దారి పొడుగునా ఆశన్న ఎడమపక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని చూస్తూనే ఉన్నాడు, చూపు తిప్పుకునే దారి లేదు. ఆమె మాక్లూర్ చుట్టాలింటికి పోతున్న మనిషి. ఓపిక పట్టి పట్టి చివరికి "ఏం సూస్తున్నవ్రా, నీకు అక్కచెల్లెండ్లు లేరా?" అని మొదలుపెట్టి నిజామాబాద్ దాకా తిట్లు ఆపలేదు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న మనిషికి, ఊరు దాటాక అదీ మర్యాద.

దవాఖానలో డాక్టరు కృష్ణాజిల్లా మనిషి. రాష్ట్రాలు కలిశాక ఇటు వచ్చాడు. ఆశన్న మెడ వెనక, చెవుల కింద, కణతల మీద వేళ్లతో ఒత్తి చూసి "ఏం చేస్తుంటే పట్టిందండీ?" అని అడిగాడు.

"చెరుకు కొర్కుతుంటె పట్టింది" అంది రుక్మాబాయి.

"కొరికింది పళ్ళతో కదా, మెడెందుకు పట్టింది? అదేగా మీ అనుమానం?" అని డాక్టరు నవ్వాడు. "మీ చెయ్యి మెడ వెనక పెట్టుకుని పళ్ళు గట్టిగా బిగించండమ్మా."

రుక్మాబాయి బిగించింది. మెడ వెనక కండ వేళ్ల కింద రాయిలా లేచింది. "ఓ యవ్వ!" అంది.

"చూశారా? దవడ, మెడ ఒకే కాడికి కట్టిన ఎడ్లు. దవడ కొరికేటప్పుడు తల కదిలిపోకుండా పట్టుకునేది మెడ. నోరు తెరవడానికి తలను వెనక్కి వంచేదీ మెడే. దవడ ఎంత బలంగా లాగితే మెడ మీద అంత బరువు. ఈయన రెండు ఎడ్లనూ రెండు పక్కలకు తోలాడు."

వార్డులో ఉన్న రోగులందరూ చేతులు మెడల వెనక పెట్టుకుని పండ్లు బిగించి చూసుకున్నారు. కాలు విరిగినవాడూ బిగించాడు, కడుపునొప్పివాడూ బిగించాడు. అందరి మెడల్లోనూ కండ లేచింది. ఇన్నేళ్లూ తమ మెడలో జరుగుతున్న సంగతి తమకే తెలియనందుకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆశన్న అన్నీ విన్నాడు. 'నోరు తెరవడానికి తలను వెనక్కి వంచేది మెడ' అన్న మాట మాత్రం గుచ్చుకుంది. తన పెద్దరికమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందని ఆయనకు తెలుసు.

సూదిమందు ఇచ్చి, మెల్లమెల్లగా తలను తిన్నగా తెచ్చారు. మందపాటి అట్ట చుట్టూ దూది పెట్టి, గుడ్డ చుట్టి, గడ్డం కింద నుంచి భుజాల దాకా పట్టా కట్టారు. తల అటూ ఇటూ తిరగదు, కిందికి వంగదు, పైకి లేవదు. నోరు వేలు పట్టేంత తెరుచుకుంటుంది. "జావ తాగండి. చెరకు మాత్రం తలవద్దు" అన్నాడు డాక్టరు.

ఆశన్న ఊరికి తిరిగొచ్చి వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. నోట్లో చెరుకు లేదు. ఒక్కసారిగా లోకమంతా చెవుల్లో పడింది. పిచ్చుకల గోల, బండి ఇరుసుల కిర్రు, పక్కింటి వాళ్లు తన గురించి అనుకునే మాటలు. రుక్మాబాయి ఇంత మాట్లాడుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఒక పొద్దున రేణుకమ్మ వచ్చింది. చేతిలో గడ లేదు. మంచం ముందు నేల మీద కూర్చుని చెప్పింది.

"బావా, తోట సగం ఎండింది. ఇంగో వారం పోతె దున్నేసుడే. ఆ పిల్లకాల్వ రాజారాం తాతది గాదు. మా ఆయన తొవ్విండు. రాజారాం వాళ్ల బాపే అడిగి మరీ తొవ్విచ్చిండు, నీళ్లు రెండు పొలాలకు వస్తయని. నువ్వు గూడ ఉంటివి. నెత్తి మీద తట్ట వెట్టుకుని మట్టి మోసినవని ఆయన ఎన్నిసార్లు చెప్పెనో."

ఆశన్న కళ్లు ఆమె మీదే నిలిచాయి. రాజారాం తండ్రి గట్టు మీద నిలబడి చూపిస్తుంటే లింబయ్య నడుముకు పంచె బిగించి గడ్డపార వేయడం, తాను తట్ట మోస్తూ జారిపడితే వాడు పడీపడీ నవ్వడం కళ్ల ముందు కదిలాయి. అదే కాలువ. దాని గురించే ఇన్నాళ్లూ తగవు.

పండ్ల సందులోంచి అడిగాడు. "ఇది నాకెందుకు చెప్పలేదు?"

రేణుకమ్మ ఆశ్చర్యపోయింది. "వచ్చినప్పుడల్ల చెప్పిన గద బావా! చెప్పినప్పుడల్ల తలూపినవు. నీకు యాదికున్నదని మస్తు ధైర్యమైతుండె."

ఆశన్నకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తల దించుకోవడానికి కూడా వీల్లేదు, పట్టా అడ్డం.

చావడిలో మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఆశన్నే పిలిపించాడు. రాజారాం తెలివిగా వచ్చాడు. తొక్క తీసి, వేలంత ముక్కలు చేసిన లేతచెరుకు పళ్లెంలో పెట్టి ముందుంచాడు.

"ఆచారం ఆచారమే ఆశన్నా. గడ కొర్కనిది మాట నడువది. మెత్తటిదే తెచ్చిన, నీకు తక్లీఫ్ గావద్దని."

ఊరందరూ ఔనన్నారు. ఆచారం తప్పితే ఎలా? ఆశన్న ఒక ముక్క తీసి పండ్ల మధ్య పెట్టాడు. అందరి కళ్లూ ఆయన తల మీదే. కొంచెం బిగించాడు. మెడలోంచి నిప్పు లేచి నడినెత్తికి ఎక్కింది. తల మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ముక్క తీసి పళ్లెంలో పెట్టాడు.

"కాల్వ తొవ్వింది లింబయ్య. మట్టి మోసింది నేను. అడిగి తొవ్విచ్చింది మీ బాపు. కట్ట తీయి."

నోరు తెరుచుకోక ఆ మాటలు పండ్లు కొరికినట్టు వచ్చాయి. ఆశన్నకు అంత కోపం ఉంటుందని ఊరికి తెలియదు.

రాజారాం తేరుకున్నాడు. "మరి ఆ దినం నా మాటకు తలూపినవు గద? ఊరంత సూసింది!"

"అది తలూపుడు గాదు, చెరుకు నములుడు. నీ మాట ఒక్కటి గూడ నేను ఇనలే."

ఇక చూడండి. "మరి నా గెట్టు సంగతేంది?" అని ఒకడు లేచాడు. "నా గేదె?" అని చిన్నయ్య లేచాడు. "మా ఇంటి గోడ?" అని ఇంకొకడు. ఏళ్ల తరబడి గెలిచినవాళ్లంతా ఒక్క గడియలో ఓడిపోయారు. ఆ గోలలో ఆశన్న లేచి, పార పట్టుకుని నడిచాడు. వెనక రేణుకమ్మ, ఆమె వెనక పార దొరికినవాళ్లు నలుగురు. కట్టను పట్టించుకునే తీరిక రాజారాంకు లేకపోయింది. ఆయన గెలిచిన పాత తగవులు కూడా ఒక అరడజను అక్కడే లేచి కూర్చున్నాయి.

కట్ట తెగింది. దున్నేసిన చోట చాలు తీసి దారి చేశారు. ఆశన్న తమ్ముడి చేని మొదట్లో నిలబడ్డాడు. కిందికి చూడాలంటే మెడ వంగదు. ఎదురుగా ఎండిన ఆకులు మాత్రం కనబడుతున్నాయి.

"వచ్చినయా?" అన్నాడు.

"వస్తున్నయి బావా."

కాసేపటికి కాలివేళ్ల సందుల్లోకి చల్లగా తగిలింది. ఆశన్న ఏడ్చాడు. ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకుండా ముఖం తిప్పుకుందామన్నా తిరగదు కాబట్టి అందరూ చూశారు.

తోటలో బతికినంత బతికింది. మెడకు కట్టిన పట్టా తీసేశారు, మెడ కుదురుకుంది. ఆశన్న ఇక కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరైనా గడ తెస్తే తీసుకుని గోడకు ఆనించేవాడు. "ముందు చెప్పు, పోయినంక తింట" అనేవాడు. చెప్పిందంతా విని, మధ్యలో అడిగి, నీదే తప్పు అనిపిస్తే నీదే తప్పు అనేవాడు.

పోయినవాళ్లు ముఖాలు మాడ్చుకుని తిరిగొచ్చారు. రెండోసారి పోయినవాళ్లు లేరు. ఆ ఏడు గానుగల కాలం వచ్చేసరికి ఊరి తగవులన్నీ రాజారాం వాకిటికి చేరాయి. రాజారాంకు చెరుకంటే అంత ఇష్టమని ఎవరికీ అంతకుముందు తెలియదు. పక్కపండ్లతో కొరికి, కళ్లు అరమోడ్చి, తల బాగా ఊపుతాడని మంచి పేరొచ్చింది.

ఆశన్న వాకిట్లో రేణుకమ్మ ఒక్కతే వట్టి చేతులతో వచ్చి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేది. ఆయన నోట్లో ఏమీ లేకుండా, తల కదపకుండా, కళ్లు ఆమె మీదే పెట్టి వినేవాడు. గడలు భుజాన వేసుకుని రాజారాం ఇంటికి పోయేవాళ్లు ఆ వాకిలి ముందు కొంచెం ఆగి చూసేవాళ్లు.

"పాపం, ఆశన్న ఎసొంటి మనిషి! మెడ వట్టినకాన్నుంచి చెవులు గూడ పోయినయి" అనుకుంటూ పోయేవాళ్లు.